రష్యా ట్రాక్టరు పంపు

హరిత ఫోనులో పాత ట్రాక్టరు ఫొటో చూపించగానే సుభానీ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వద్దు తల్లీ. రంగేయించి పెట్టుకో, చాలు. దాని ఇంజను ఎప్పుడో పోయింది."

యాభై ఏళ్లుగా నరసరావుపేటలో ట్రాక్టర్లు బాగుచేస్తున్న మనిషి ఆయన. హరిత అక్కడి పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్. పాత వ్యవసాయ యంత్రాల కోసం కాలేజీలో ఒక షెడ్డు వేయించింది. ఊరూరా తిరిగి గొర్రులు, ఆయిలింజన్లు పోగుచేసింది. ఇక మిగిలింది బెల్లంకొండలో తమ ఇంటి వెనకున్న ట్రాక్టరు. రష్యా నుంచి ఓడలో వచ్చిన ఆ బండిని ఆమె తాత వెంకటకృష్ణయ్య పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో కొన్నాడు. సాగర్ కాలవ నీళ్లు వచ్చిన కొత్తలో చుట్టుపక్కల చేలన్నీ చదును చేసింది అదే.

"రంగేసిన బొమ్మ నాకెందుకు తాతా? పిల్లలు దాని చప్పుడు వినాలి."

మర్నాడే ట్రాక్టరును లారీలో తెచ్చి ఆయన షెడ్డు ముందు దింపించింది. సుభానీ బానెట్ ఎత్తి, ఇంజనుకు డీజిల్ అందించే పంపు మీద చెయ్యి వేశాడు. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇది మీ బండి పంపు కాదమ్మా."

"ఏంది తాతా నువ్వనేది?"

"ఇరవై ఐదేళ్ల కిందట మీ తాత దీన్ని రిపేరుకిచ్చి పోయాడు. అదే వారం గురజాల కాడ్నుంచి నాగేశ్వరరావని ఒక చిన్న రైతు ఏడుపు మొహంతో వచ్చాడు. అదునులో అతని బండి పంపు పట్టేసింది. కొత్తది ఎక్కడా దొరకలా. అతనిదీ ఈ రకం బండే. పది రోజుల్లో తెచ్చిస్తానంటే మీది ఊడదీసి ఇచ్చా. అతని చెడిపోయిన పంపు దీనికి బిగించా. అతను మళ్లీ రాలా. మీ తాత వచ్చి అడిగితే నిజం చెప్పడానికి నోరు రాలా. ఇంజనే పోయిందన్నా. నమ్మాడు."

హరిత బానెట్‌ను ధడాలున మూసింది. "పోయేదాకా వారం వారం దీన్ని తుడిచేవాడు మా తాత. నువ్వు పోయి ఆ పంపు అడగొచ్చుగా?"

"పోతే నా అబద్ధం బయటపడుద్దని పోలా."

ఆమె లేచి కారు తలుపు తీసింది. "ఎక్కు. ఇప్పుడు పోదాం."

గురజాల చేరాక వాళ్లనీ వీళ్లనీ అడిగారు. ఊరవతల నాగేశ్వరరావు ఇల్లు దొరికింది. ఆయన చనిపోయి మూడేళ్లయింది. సుభానీ పంపు సంగతి ఎత్తగానే భార్య పిచ్చమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా మెకానిక్ అన్నా? కొత్త పంపు దొరక్క ఏళ్ల తరబడి దాంతోనే నెట్టుకొచ్చాం. తర్వాత బండిని పిడుగురాళ్లలో తుక్కు కింద అమ్మేశాం. పంపు మాత్రం మనది కాదని ఊడదీసి ఉంచాడు మా ఆయన. ఇచ్చొద్దామని నరసరావుపేట పోతే రోడ్డు వెడల్పు చేసి నీ షెడ్డు తీసేశారంట. ఎవురినడిగినా చెప్పలేదంట."

అప్పట్లో సుభానీ షెడ్డును వెనక వీధికి మార్చుకున్నాడు. పిచ్చమ్మ అటక మీది నుంచి ఒక మూట దింపింది. ఆయిలు గుడ్డలు ఒక్కొక్కటే విప్పితే పంపు బయటపడింది. ఎక్కడా తుప్పు లేదు. సుభానీ కళ్లు తుడుచుకున్నాడు.

పని నెల పట్టింది. ఆయన చేతులు వణుకుతున్నాయి. అందుకని ఆయన చెప్తుంటే స్పానర్ హరిత పట్టింది. మొదటి వారం పని మాటలు తప్ప మరోమాట లేదు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం తన టిఫిన్ బాక్సు ఆయన ముందుకు జరిపి, "తిను తాతా, షుగర్ పడిపోద్ది" అంది.

కాలేజీ షెడ్డు ప్రారంభం నాడు పిల్లలూ లెక్చరర్లూ అంతా మూగారు. పిచ్చమ్మను కూడా హరిత పిలిపించింది. తాళం తిప్పితే ఇంజను గురగురమని ఆగిపోయింది. సుభానీ చెవి ఆనించి విన్నాడు.

"పైపులో గాలి పట్టింది. ఆ నట్టు వదులు చెయ్యి."

హరిత నట్టు వదులు చేసి, బుడగలన్నీ పోయి డీజిల్ ధారకట్టాక బిగించింది. ఈసారి నల్లటి పొగ ఒక్కసారి ఎగజిమ్మి ఇంజను అందుకుంది. పిల్లలు కేకలు పెట్టారు.

ట్రాక్టరు పక్కన దాని చరిత్ర రాసిన బోర్డు ఉంది. సుభానీ దాన్ని చివరిదాకా చదివాడు.

"పంపు సంగతి రాయలేదేందమ్మా?"

"రాయమంటావా?"

"రాయి. నా పేరుతోనే రాయి. నాగేశ్వరరావు దాచిన సంగతీ రాయి."

హరిత తలూపింది. ఈలోగా పిచ్చమ్మ బండి దగ్గరకొచ్చి స్టీరింగు తడిమింది.

"మా బండి మీద ఎన్నిసార్లు ఎక్కినా మడ్‌గార్డు మీదే కూచున్నానమ్మాయ్. ఒక్కసారి ఈ సీట్లో కూచోనా?"

హరిత చెయ్యిచ్చి ఎక్కించింది. సుభానీ కింది నుంచి క్లచ్ ఏదో, బ్రేకు ఏదో చూపించాడు. "మెల్లగా వదులు చెల్లెమ్మా, మెల్లగా."

ట్రాక్టరు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. పిచ్చమ్మ ముందు భయంతో, తర్వాత గట్టిగా నవ్వుతూ, గేటు వైపు పోనిచ్చింది.