శుక్రవారంలోగా బిస్కెట్టు కావాలి

మా ఆయన హెక్టర్‌కి ఊపిరితిత్తుల జబ్బని డాక్టరు చెప్పి మూడేళ్ళు కావస్తోంది. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ చుడుతూ ఆ దుమ్ము పీల్చిన పుణ్యం అది. జబ్బు సంగతి తెలిసిన మూడేళ్ళలోపు కోర్టులో కేసు వేయాలి, లేదంటే పరిహారం మాట మర్చిపోవాలి. గడువు ఈ శుక్రవారంతో సరి. మహానుభావుడు మంగళవారం దాకా "చూద్దాంలేవే" అంటూ కూర్చున్నాడు. కేసు వేస్తే పోతున్నానని ఒప్పుకున్నట్టేనట! తను పోయాక చలికాలంలో నేను ఇల్లెలా వెచ్చగా ఉంచుకోవాలో మాత్రం ఆలోచించడు.

చెవి మెలేసినంత పనిచేసి లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

"యార్డు మూతపడింది, కాయితాలు లేవు. మీరు ఆ దుమ్ములో పనిచేశారని చెప్పే సాక్షి ఒక్కరైనా కావాలండీ," అందావిడ.

"బిస్కెట్టుగాడున్నాడుగా," అన్నాడు మా ఆయన.

"పూర్తి పేరు?"

"బిస్కెట్టే."

"ప్రమాణం చేయించి బిస్కెట్టని రాసుకోలేనండీ!"

"పదిహేనేళ్ళు పక్కపక్కనే పనిచేశాం తల్లీ. ఇప్పుడు పేరడిగితే ఏం బావుంటుంది?"

అమ్మానాన్నలు పెట్టిన పేరు యార్డు గేటు దగ్గరే వదిలేయాలి. లోపల అందరికీ తోటి పనివాళ్ళు పెట్టిందే పేరు.

"మరి నీకేం పేరు పెట్టారయ్యా?" అనడిగాను.

"నాకేం పెట్టలేదు," అని కిటికీలోంచి బయటికి చూశాడు.

పబ్బులన్నీ తిరిగాను. "బిస్కెట్టా? బంగారంలాంటోడు. పేరా? అదేగా పేరు!" అన్నవాళ్ళే అందరూ. చివరికి గురువారం సాయంత్రం ముసలాళ్ళు బంతులాట ఆడుకునే పచ్చిక మీద బంతి దొర్లిస్తూ దొరికాడు. మర్నాడు లాయరమ్మ గదిలో వాళ్ళిద్దరూ కావలించుకుని వీపులు చరుచుకున్నారు. అతని అసలు పేరు ఆర్చిబాల్డ్ మన్రో గిల్‌ఫిలన్ అట. మా ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"హెక్టర్ మెకాస్లన్ గారు ఆస్బెస్టాస్ పని చేయడం మీరు చూశారా?" అడిగింది లాయరమ్మ.

"హెక్టరెవరమ్మా? నాకు తెలీదే!"

"ఈయనేనయ్యా!" అని చూపించాను.

"వీడా? వీడు రాణీగారు కదమ్మా!"

మా ఆయన మొహం కందగడ్డయింది.

"తిండివేళ ఆ తడి ఆస్బెస్టాస్ ముద్దలు చేసి ఒకడిమీదొకడం విసురుకునేవాళ్ళం. వీడూ విసిరేవాడు. పని అయ్యాక మాత్రం మంచు కురుస్తున్నా సరే, ఒళ్ళు కడుక్కుని, ఆ బట్టలు అక్కడే ఉతికి ఆరేసి, వేరేవి తొడుక్కునేగానీ గేటు దాటేవాడు కాదు. ఇంట్లో పెళ్ళాం నేల తుడుచుకుందట, దుమ్ముతో వెళ్తే చంపేస్తుందట! అందుకే రాణీగారు," అని పకపకా నవ్వాడు బిస్కెట్టు.

ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. "మా ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు. నా బట్టలు తనే విదిలించి ఉతికేది. ఈ జబ్బుతోనే పోయింది."

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది, నేనూ ఒప్పుకుంటాను. ఆ నోరే నన్ను బతికించిందని నాకప్పుడే తెలిసింది. ఏడుపాగలేదు.

కోర్టు మూసేలోగా కేసు దాఖలైంది. ఇంటికొచ్చేసరికి మా ఆయన అలవాటుకొద్దీ గుమ్మం దగ్గర ఆగి, ఆయాసపడుతూనే బూట్లు రుద్దడం మొదలుపెట్టాడు. నేల పొద్దున్నే తుడిచాను, మెరుస్తోంది.

"రుద్దకయ్యా. అలాగే వచ్చెయ్ లోపలికి," అన్నాను.

బిత్తరపోయి నావైపు చూశాడు. "ఏమేవ్, ఒంట్లో బాగాలేదా నీకు?"