అర్థమైంది టీచర్

బోర్డు మీద తేదీ వేసి, కింద స్కేలు లేకుండానే తిన్నని గీత గీసి, ముత్యాల టీచర్ భాగహారం లెక్క మొదలుపెట్టింది. ఆరువందల పన్నెండుని ఆరుతో భాగించాలి. అంకెలన్నీ ఒకే ఎత్తు, ఒకే వాలు. చిన్నప్పుడు నాలుగు వీధుల్లో కొట్లకు బోర్డులు రాసిపెట్టిన చెయ్యి అది. ఆ చేతిరాత చూసే ఎప్పటి పిల్లలో ఆమెకు ఆ పేరు పెట్టారు. తర్వాత తోటి టీచర్లకీ, వీధి చివర కూరల కొట్టతనికీ కూడా ఆవిడ ముత్యాల టీచరే అయిపోయింది.

"ఆరులో ఆరు ఒకసారి పోతుంది. తర్వాత ఒకటి. ఒకటిలో ఆరు పోదు. పోదు కాబట్టి పైన సున్నా పెట్టాలి. రెండు కిందికి దించాలి. పన్నెండులో ఆరు రెండుసార్లు. జవాబు నూట రెండు. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్," అంది నాలుగో తరగతి మొత్తం ఒక్క గొంతుతో.

ఆ మాట వినగానే ఆమె మొహం విచ్చుకుంటుంది. ప్రతిరోజూ, ప్రతి లెక్క తర్వాతా అంతే. విచ్చుకోవడమంటే పెద్ద నవ్వేమీ కాదు. కళ్ళజోడు వెనక కళ్ళు కాస్త చిన్నవవుతాయి, పెదవి ఒక పక్కకు కదులుతుంది. పిల్లలు ఆ నవ్వు కోసం ఎదురుచూస్తారు. అది చూశాక తలలు వంచి, బోర్డు మీదున్నది పుస్తకాల్లోకి ఎక్కించుకుంటారు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

ఈ నిశ్శబ్దమే ఆమె ఉద్యోగ జీవితంలో ఏకైక ఘనత. వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ వరండాలో నడుస్తూ ఈ గది ముందు ఒక్క క్షణం ఆగి, తృప్తిగా తలాడించి వెళ్ళినవాడే. గది నిశ్శబ్దంగా ఉంటే చదువు సాగుతోందని వాళ్ళూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. అనుకోవడానికి ఖర్చేముంది? మధ్యలో ఉన్న వెదురు తడిక అవతలి నుంచి మాత్రం ఎప్పుడూ గోల వస్తూనే ఉంటుంది. అక్కడ నాలుగో తరగతిలోనే రెండో సెక్షను. కిందటేడాది కాంట్రాక్టు మీద వచ్చిన ఒక అమ్మాయి చెబుతుంది. పిల్లలు వాదించుకుంటారు, నవ్వుతారు, "కాదు టీచర్, కాదు" అని ఎదురు చెబుతారు. మొదట్లో ముత్యాల టీచర్ ఆ అమ్మాయిని చూసి జాలిపడేది, పాపం పిల్లల్ని అదుపులో పెట్టుకోవడం చేతకావడం లేదని.

టీచరు కావాలని ఆమె ఏనాడూ కలగనలేదు. తండ్రి దరఖాస్తు తెచ్చి ముందు పెట్టాడు. "ఒక్కసారి పర్మనెంటయ్యావంటే ఇంక నిన్ను కదిపేవాడుండడమ్మా," అన్నాడు. ఆ మాట నిజమైంది. కదిపేవాడు రాలేదు. తట్టి లేపేవాడూ రాలేదు. పాఠం ఎలా చెబుతున్నావని ఒక్కరూ కూర్చోబెట్టి అడగలేదు, ఇలా చెప్పి చూడమని ఒక్కరూ చెప్పలేదు. ఆలస్యంగా రాలేదు, ఎవర్నీ కొట్టలేదు, అనవసరంగా సెలవు పెట్టలేదు. తనకు చిన్నప్పుడు చెప్పినట్టే చెప్పింది, తనకు చెప్పినవాళ్ళకు ఎవరు ఎలా చెప్పారో అడగలేదు.

ఇంటర్వెల్లో హెడ్మాస్టరు పిలిపించాడు. మంచివాడే. మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ కాసేపు ఎండల గురించి మాట్లాడాడు.

"పిల్లలు తగ్గిపోయారమ్మా. రెండు సెక్షన్లు ఒకటి చేయమంటున్నారు పైనుంచి. టీచరు ఒక్కరే ఉంటారు. ఉండేవాళ్ళ పేరు సాయంత్రానికి పంపాలి."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. అది గమనించి ఆయన గబగబా అందుకున్నాడు. "మీకేం ఢోకా లేదు. పర్మనెంటు వాళ్ళు ఉంటారు, కాంట్రాక్టు వాళ్ళు వెళ్తారు. రూలు అది. నిన్న కొందరు తల్లిదండ్రులు వచ్చి పక్కగది అమ్మాయిని ఉంచమని గొడవ చేశారనుకోండి. పర్మనెంటు మనిషిని కదపడం నా తరం కాదు, నా పై వాడి తరమూ కాదు అని చెప్పి పంపించాను."

"మరి ఆ అమ్మాయి?"

"దానికేమమ్మా, చిన్నది. ఎక్కడో ఒకచోట దొరక్కపోదు."

ఆమె వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. బతికిపోయాననిపించింది. ఆ వెంటనే ఆ తల్లిదండ్రులు ఎవరై ఉంటారా అనిపించింది. తన గది వాళ్ళయి ఉండరులే అనుకుంది.

ఆ పూట ఒప్పజెప్పే పూట. ఈ బడిలో పాతకాలపు ఆనవాయితీ ఒకటుంది. నెలకోసారి తల్లిదండ్రులు వచ్చి పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చోవాలి. పిల్లలు పక్కన నిలబడి ఆ నెల నేర్చుకున్నదేదో ఒకటి వాళ్ళకు నేర్పాలి. ఆ గంటసేపూ పిల్లే టీచరు, తల్లి విద్యార్థి. పక్కగదిలో ఇది జాతరలా సాగుతుంది. ముత్యాల టీచర్ గదిలో పిల్లలు గడగడా అప్పజెబుతారు, తండ్రులు బుగ్గ గిల్లి "భేష్" అంటారు, పెద్దవాళ్ళు పెందలాడే ఇళ్ళకు పోతారు.

కిటికీ పక్క బెంచీలో ఒక తల్లి కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి, కొలతల టేపు మెడలోంచి తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. ఆమె కూతురు, రెండు జడల పిల్ల, పొద్దుటి లెక్కే చెబుతోంది.

"ఒకటిలో ఆరు పోదు. కాబట్టి పైన సున్నా పెట్టాలి."

"సున్నా ఎందుకే?"

"పెట్టాలమ్మా."

"అదే, పోనప్పుడు ఊరుకోవచ్చుగా. సున్నా ఎందుకు పెట్టడం?"

పిల్ల తలెత్తి టీచరు వైపు చూసింది. ముత్యాల టీచర్ దగ్గరికి వచ్చి, నవ్వి, "పెట్టాలమ్మా. పెట్టకపోతే జవాబు తప్పొస్తుంది," అంది.

"సరేనండీ," అంది తల్లి. అర్థం కాని సరే అది.

భోజనాల వేళకి అందరూ వెళ్ళిపోయినా ఆవిడ మాత్రం కదల్లేదు. కూతుర్ని పంపు దగ్గరికి తోలి, టేపు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మీకు చెప్పొచ్చో లేదో నాకు తెలీదు టీచరుగారూ. ఇది రోజూ ఇంటికొచ్చి లెక్కలు ముందేసుకుని ఏడుస్తుంది. నేను మిషను ఆపి పక్కన కూర్చుంటాను. నేనేం చదివానని? దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. అర్థం కాలేదని టీచరుకి చెప్పొచ్చుగా అని కేకలేశానొక రోజు."

"మరి ఎప్పుడూ చెప్పలేదే? అందరూ అర్థమైందనే అంటారు."

తల్లి కిటికీ వైపు చూసింది. "కాలేదంటే మా టీచర్ మొహం చిన్నబోతుందమ్మా అంది. క్లాసు క్లాసంతా అలాగే అనుకున్నారట, అయినా కాకపోయినా అయిందనే అనాలని. మీరంటే దానికి ప్రాణం, అబద్ధమెందుకు?" వేలికి చుట్టిన టేపు విప్పుతూ మళ్ళీ అంది. "హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నానండీ. వెనకాల ఎవరో చెబితే మీకు తెలియడం నాకిష్టంలేదు. మీ మీద కోపం లేదు. నా పిల్ల నాలాగ మిషను ముందు కూర్చోకూడదని, అంతే."

"మంచి పని చేశారు," అంది ముత్యాల టీచర్.

ఖాళీ గదిలో ఆమె, ఎప్పుడో చలికాలంలో తన స్వెట్టరు తగిలించి మరిచిపోయిన కుర్చీలో, చాలాసేపు కూర్చుండిపోయింది. కోపం రావాల్సింది, రాలేదు. ఇన్నేళ్ళూ తను పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నాననుకుంది. తీరా చూస్తే వాళ్ళే తనను కనిపెట్టుకుని ఉన్నారు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని తడిక అవతలికి నడిచింది.

కాంట్రాక్టు అమ్మాయి స్టూలెక్కి గోడకున్న బొమ్మలు తీస్తోంది. విషయం తెలిసిపోయినట్టుంది.

"అవెందుకు తీస్తున్నావమ్మా?"

"రేపటి నుంచి ఈ గది ఎవరిదోనండీ."

"దిగు. నాకొక సంగతి చెప్పాలి నువ్వు. ఆరువందల పన్నెండుని ఆరుతో భాగిస్తే మధ్యలో సున్నా ఎందుకు పెడతాం?"

తనకేదో పరీక్ష పెడుతున్నారనుకుని ఆ అమ్మాయి బిత్తరపోయింది. పెద్దావిడ మొహం చూశాక స్టూలు దిగి, బీరువాలోంచి అగ్గిపుల్లల డబ్బా తెచ్చి నేల మీద కూర్చుంది. ముత్యాల టీచర్ మోకాళ్ళు పట్టుకుని, గోడ సాయంతో తనూ కూలబడింది. రబ్బరుబ్యాండ్లు వేసిన నూరేసి పుల్లల కట్టలు ఆరు, పది పుల్లల కట్ట ఒకటి, విడిపుల్లలు రెండు.

"ఆరుగురికి పంచాలండీ. నూర్ల కట్టలు తలా ఒకటి. ఇప్పుడు పదుల కట్ట ఒక్కటే ఉంది. ఆరుగురికి కట్టగా పంచగలమా?"

"పంచలేం."

"కాబట్టి పదుల కట్టలు తలా ఎన్ని వచ్చాయి?"

"ఏమీ రాలేదు," అంది ముత్యాల టీచర్. అని, ఆగిపోయింది. "ఏమీ రాలేదు. అదా సున్నా?"

"అంతేనండీ. ఇక కట్ట విప్పి విడివాటిలో కలిపితే పన్నెండు. తలా రెండు."

ఆమె ఆ విడిపుల్లల్ని చేతిలోకి తీసుకుంది. ఎన్ని వేలసార్లు పెట్టి ఉంటుందో ఆ సున్నాని. గుండ్రంగా, అందంగా, ఎందుకో తెలియకుండా. "నాకెవరూ చెప్పలేదమ్మా," అంది మెల్లగా.

"నాకూ బళ్ళో ఎవరూ చెప్పలేదండీ. ఎందుకు ఎందుకని మా నాన్న ప్రాణం తోడేసేదాన్ని. ఆయనకీ తెలీదు. తెలిసినవాళ్ళ దగ్గరికి పట్టుకుపోయేవాడు, పని మానుకుని."

మధ్యాహ్నం గంట కొట్టారు. ముత్యాల టీచర్ ఆ డబ్బా అడిగి తీసుకుని తన గదిలోకి వచ్చింది.

"పిల్లలూ, ఆ సున్నా ఎందుకో నాకూ ఇవాళే తెలిసింది."

టీచరు అలాంటి మాట అనొచ్చని వాళ్ళకు తెలియదు. ఆమె బల్లలు జరిపించి, అందర్నీ చుట్టూ నిలబెట్టి పుల్లలు పంచింది. మధ్యలో తడబడి, కట్ట ముందే విప్పేసి, మళ్ళీ మొదటికొచ్చింది. వెనకవాళ్ళు కనపడడం లేదని తోసుకున్నారు. "ఓహో" అన్నారు కొందరు. చివరికి అలవాటు కొద్దీ ఆమె నోటి నుంచి ఆ ప్రశ్నే వచ్చింది.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్" అని సగం గొంతులు లేచాయి. వాటి వెనక నుంచి రెండు జడల పిల్ల, భయపడుతూనే, "నాకు కాలేదు టీచర్," అంది. తల్లి నూరిపోసి పంపినట్టుంది.

అందరూ ఒకేసారి టీచరు మొహం వైపు తిరిగారు. ఆ మొహం చిన్నబోలేదు.

"నాకూ కాలేదు టీచర్," అన్నాడు ఇంకొకడు. "నాకూ." "కట్ట ఎందుకు విప్పారో తెలీలేదు టీచర్."

ఆమె మళ్ళీ చెప్పింది. ఇంకా కొందరికి అర్థం కాలేదు. ఇంకెలా చెప్పాలో ఆమెకు తెలియదు. ఒక్క సున్నా నేర్చుకోవడానికి తనకు ఉద్యోగమంతా పట్టింది. మిగతావన్నీ నేర్చుకునేదాకా ఈ పిల్లలు నాలుగో తరగతిలో ఆగి ఉండరు కదా. తడిక అవతల ఆ అమ్మాయి ఉంది, ఈ సాయంత్రం దాకా.

ఆఖరు గంట కాకముందే ఆమె హెడ్మాస్టరు గదిలో కూర్చుంది. తన పేరు పంపవద్దంది. తను ముందుగానే రిటైరవుతానంది. నోటీసు గడువు అయ్యేదాకా బడికి రాకుండా ఉండడానికి సెలవులు చాలినన్ని ఉన్నాయి, ఎప్పుడూ వాడుకోలేదు.

"తొందరపడుతున్నారమ్మా."

"ఇన్నేళ్ళూ తొందరపడలేదుగా సార్."

ఆయన నవ్వబోయి మానేశాడు. "మీరు వెళ్ళినా ఆ అమ్మాయిని ఎప్పటికీ ఉంచుతారని నేను హామీ ఇవ్వలేను. ఏడాదికోసారి వాళ్ళది గాల్లో దీపమే."

"ఈ ఏడాదికి ఉంటుందా?"

"ఉంటుంది."

"ఈ పిల్లలకి ఈ ఏడాదే కదా నాలుగో తరగతి."

అది త్యాగమని తర్వాత కొందరన్నారు. కాదు. రేపు పొద్దున ఆ గదిలో నిలబడి "అర్థమైందా" అని అడిగే ధైర్యం ఆమెకు లేకపోయింది, అంతే. భయం మాత్రం దండిగా ఉంది. రేపటి నుంచి కూరల కొట్టతను తనను ఏమని పిలుస్తాడో అనుకుంటూ ఇంటికి నడిచింది. ఇంట్లో భర్త తలుపు తీసి, అంతా విని, "అన్నీ ఆలోచించే చేశావా?" అన్నాడు. "లేదండీ," అంది ఆమె. ఆయన టీ పెట్టడానికి వెళ్ళాడు.

తడిక తీసేశారు. రెండు గదులూ ఒకటయ్యాయి. గోలా రెండింతలైంది. హెడ్మాస్టరు వరండాలో నడుస్తూ ఆ గది ముందు ఆగడం లేదు, చెవులు మూసుకుని దాటిపోతున్నాడు. కొత్త టీచరు పాఠం చెప్పేటప్పుడు కూర్చోదు కాబట్టి పాత టీచరు కుర్చీ జోలికి ఎవరూ పోలేదు. పంకా గాలికి దాని వీపు మీద వేలాడేది ఎప్పుడైనా జారిపడితే ఎవరో ఒక పిల్ల లేచి వెళ్ళి, దుమ్ము దులిపి, రెండు చేతులూ సమంగా సర్ది, ముత్యాల టీచర్ మరిచిపోయిన బూడిదరంగు స్వెట్టరుని మళ్ళీ ఆ కుర్చీకే తొడిగి వస్తుంది.