అడిగేవాళ్ళ అర

మా నాన్న పోయి ఆ రోజుకి పదకొండు నెలల పంతొమ్మిది రోజులైంది. ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ప్రేమ కాదు, నిబంధన. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్ళ పిల్లల్లో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తారు. దానికి దరఖాస్తు ఏడాదిలోపు పై ఆఫీసుకి చేరాలి. చేరకపోతే ఉద్యోగమూ లేదు, అమ్మా నేనూ ఉంటున్న రెండు గదుల క్వార్టరూ లేదు. దరఖాస్తు నేను రెండో నెలలోనే ఇచ్చేశాను. కానీ దానికి నాన్న సర్వీసు రిజిస్టరు జతచేస్తేనే కదులుతుందిట. ఆ రిజిస్టరు కనపడటం లేదు.

ఇందులో తమాషా ఏమిటంటే, నాన్న పనిచేసిన ఆఫీసులో అందరి రిజిస్టర్లనీ ముప్ఫై ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్నది ఆయనే. రికార్డు రూము ఆయనది. ఎప్పుడు చూసినా నిచ్చెన మీదే ఉండేవాడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని 'నిచ్చెన గారు' అనేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఎక్కీ దిగీ, ఉద్యోగంలో మాత్రం ఒక్క మెట్టు పైకి వెళ్ళలేదు. ఈ మాట నేను ఆయన మొహం మీదే అన్నాను, పోవడానికి మూడు రోజుల ముందు.

"నీ తర్వాత చేరినవాళ్ళు ముగ్గురు నీ నెత్తిమీంచి వెళ్ళిపోయారు. నీకు నోరు లేదా నాన్నా? అడగందే అమ్మయినా పెట్టదు" అన్నాను.

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారే. వాళ్ళవి వాళ్ళకి అందిస్తే చాలదూ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మూడో రోజు పొద్దున నాన్న పేపరు చదువుతూ చదువుతూ అలాగే ఒరిగిపోయాడు. ఆ మూడు రోజులూ నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మకి తెలుసు, కానీ ఆ మాట ఎత్తలేదు.

నేను ఆ ఆఫీసుకి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో పనిచేసేదాన్ని. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులన్నీ నా చేతుల మీదుగా వెళ్ళేవి. నాది తప్ప.

ఆ రోజు షాపుకి సెలవు పెట్టి సూపరింటెండెంటు మేడం ముందు కూర్చున్నాను. ఆవిడ మంచిదే. మంచివాళ్ళ మీద కోప్పడటం కష్టం, అదే నా బాధ.

"మావాళ్ళు మూడుసార్లు వెతికారమ్మా. కొత్త రిజిస్టరు తయారుచేయించాలంటే ఆరు నెలలు పడుతుంది. మనకున్నది పదకొండు రోజులు. నువ్వే ఒకసారి వెళ్ళి చూడు, పోనీ" అంది.

రికార్డు రూములో నాన్న స్థానంలో తాత్కాలికంగా వేసినాయన ఉన్నాడు. నేను బాబాయ్ అనేదాన్ని, ఆఫీసువాళ్ళు తుమ్ముల బాబాయి అనేవాళ్ళు. ఆయనకి దుమ్ము పడదు. అలాంటి మనిషిని ఏరికోరి రికార్డు రూములో పడేశారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఎదురొచ్చాడు.

"చూడమ్మాయ్, నంబరు ప్రకారం ఉండాలి కదా? వంద పక్కన నూట ఒకటి ఉండాలి. ఇక్కడ వంద పక్కన ఆరువందల పన్నెండు. దాని పక్కన నలభై. మీ నాన్నగారిని ఇదేమిటండీ అంటే నవ్వేవారు. కానీ ఏది అడిగినా రెండు నిమిషాల్లో చేతిలో పెట్టేవారు. గది తాళంచెవి మాకిచ్చి వెళ్ళారు గానీ, అసలు తాళంచెవి ఆయన తలలోనే ఉండిపోయింది."

ఇనప ర్యాకులు మూడు గోడల పొడుగునా ఉన్నాయి, ఒక్కోదానికీ ఏడేసి అరలు. పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటే తీసి చూశాను. నాలుగో వంతు కూడా కాలేదు. నాన్న మీద మళ్ళీ పాత కోపమే వచ్చింది. పోయిన మనిషి మీద కోపం రాకూడదంటారు. వస్తుంది. చతికిలబడి కింది అరకి వీపు ఆనించాను.

అప్పుడే ఒక పెద్దాయన చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. బాబాయి నంబరైనా అడక్కుండా వంగి, నా భుజం పక్కనించి ఒక రిజిస్టరు లాగి ఆయనకిచ్చాడు. పెద్దాయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒకే పేజీ చూసుకుని, తిరిగిచ్చేసి, "వచ్చే సోమవారం వస్తా" అని వెళ్ళిపోయాడు.

ఈయన నాకు తెలుసు. చూడటం ఇదే మొదలు, కానీ అన్నాల దగ్గర నాన్న చెప్పగా విన్నాను. డ్రైవరుగా చేసిన రెండేళ్ళ సర్వీసు పింఛనులో కలపలేదని తొమ్మిదేళ్ళుగా ప్రతి సోమవారం వచ్చే మనిషి.

"ఇది మాత్రం ఎలా దొరికింది బాబాయ్?"

"వారం వారం ఇస్తున్నాగా, చెయ్యి అలవాటైపోయింది. దాని పక్కనున్నది నర్సుది. ఆవిడ మొగుడు నెలకి రెండుసార్లు వస్తాడు."

నేను నిటారుగా కూర్చున్నాను. మా వంటింటి అరలు కళ్ళముందుకొచ్చాయి. వాటిని సర్దింది నాన్నే. మా అమ్మ పొట్టి. రోజూ అడిగే డబ్బాలు ఆవిడ చేతి ఎత్తులో, వారానికోసారి అడిగేవి ఆ పైన, ఏడాదికోసారివి అటక మీద. వానలు మొదలవగానే గొడుగు కిందికి దిగేది, తగ్గగానే పైకెక్కేది. అమ్మ సరదాపడి డబ్బాలన్నీ పొడుగుల వారీగా పేర్చుకుంటే, మర్నాటికి మళ్ళీ మార్చేసేవాడు. 'చూడ్డానికి కాదే సర్దుకునేది, అడిగినప్పుడు అందడానికి' అనేవాడు. ఈ విషయం మీద వాళ్ళిద్దరూ పాతికేళ్ళు దెబ్బలాడుకున్నారు.

"బాబాయ్, ఇక్కడికి తరచుగా వచ్చి అడిగేవాళ్ళు ఇంకెవరు?"

"ఒకళ్ళా ఇద్దరా! లిఫ్టు ఆపరేటరు తమ్ముడున్నాడు, నెల మొదట్లో ఊడిపడతాడు."

రెండో అర చూశాను. లిఫ్టు ఆపరేటరుది అక్కడే ఉంది. మూడో అరలో పేర్లు చదివితే, అవన్నీ ఏడాదికి రెండుమూడుసార్లు వచ్చేవాళ్ళవన్నాడు. బాబాయి ముక్కుకున్న తువ్వాలు కిందికి జారింది.

"ఓరి నాయనో! మనుషుల్ని బట్టి సర్దారా?"

"ముసలివాళ్ళు నిలబడి ఉంటారు కదా బాబాయ్. మీరు నిచ్చెన జరిపి ఎక్కి దిగేలోపు వాళ్ళకి కాళ్ళు లాగేస్తాయి. అందుకని."

ఇంతవరకూ చెప్పి ఆగిపోయాను. ఎందుకంటే తర్వాత అడగాల్సిన ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, దాని జవాబూ తెలుసు.

"మా నాన్న తన రిజిస్టరు ఎన్నిసార్లు అడిగాడు?"

"ఆయనా? సెలవులు మిగిలాయా అని అడగరు, ప్రమోషను అడగరు. నాకు తెలిసి ఒక్కసారి కూడా అడగలేదమ్మా."

ఇద్దరం తలెత్తి పైకి చూశాం.

నిచ్చెన బాబాయి పట్టుకున్నాడు. "మీరు తుమ్మితే నేను కిందుంటాను" అన్నాను. "ఊపిరి బిగబట్టేశా, కానియ్" అన్నాడు. ఏడో అరలో, మూల గోడకి ఆనుకుని, ఓ ముప్ఫై రిజిస్టర్లున్నాయి. ఎవరూ ఏనాడూ అడగనివాళ్ళవి. అన్నిటి మీదా దుమ్ము వేలి మందాన పేరుకుంది. చిట్టచివరిదాని మీద మాత్రం పల్చగా ఉంది. అది నాన్నది.

నిచ్చెన మీదే తెరిచాను. సెలవుల పేజీ దాదాపు ఖాళీ. విన్నపాల పేజీ పూర్తిగా ఖాళీ. కుటుంబ వివరాల పేజీ దగ్గర ఆగాను. భార్య, ఒక గడి. కూతురు, ఒక గడి. కూతురి ఎదురుగా చదువు అన్న గడి చాలక, ఒక పొడుగు కాగితం అంటించి ఉంది. దాని మీద నాన్న గుండ్రటి రాత. ఒకటో తరగతి, తేదీ. రెండో తరగతి, తేదీ. అలా ప్రతి ఏడూ, ఒక్క ఏడూ తప్పకుండా. ఏడో తరగతి దగ్గర 'లెక్కల్లో మొదటి మార్కు' అని ఉంది, ఏ నిబంధన అడిగిందో మరి. ఆఖరున, డిగ్రీ, ప్రథమ శ్రేణి. దాని కింద రెండు గీతలు.

తనకోసం ఏమీ అడగని మనిషి ఏడాదికోసారి ఇంత ఎత్తు ఎక్కి, నేను ఎన్నో తరగతికి వచ్చానో రాసుకుని దిగేవాడన్నమాట. నోరు లేదా అన్నాను ఆయన్ని. నిచ్చెన మీద నిలబడే ఏడ్చాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"దొరికిందా అమ్మాయ్?" కిందనించి బిగబట్టిన గొంతు.

"దొరికింది, దొరికింది. ఇంక తుమ్మండి" అన్నాను.

పదకొండు తుమ్ములు తుమ్మాడు. లెక్కపెట్టాను.

దరఖాస్తు వారం రోజులు మిగిలి ఉండగానే పై ఆఫీసుకి వెళ్ళింది. ఆ తర్వాత అయిదో నెలలో నన్ను వేస్తూ ఉత్తర్వు వచ్చింది, రికార్డు రూముకే. క్వార్టరు నిలబడింది. చేరే రోజు పొద్దున అమ్మ నా భుజం మీద దుమ్ములేని చోట దుమ్ము దులిపి, "కుర్చీ ఇస్తారు, అందులో కూర్చో. మీ నాన్నలాగా నిచ్చెన మీద కాపురం పెట్టకు" అంది. అని, గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయి ఆనందంగా తువ్వాలు మడిచి జేబులో పెట్టుకుని నాకు గది అప్పగించాడు. అన్నీ అయ్యాక ఒక్క రిజిస్టరు బల్ల మీద మిగిలింది. పై ఆఫీసు నించి తిరిగొచ్చిన నాన్నది. ఆఖరి పేజీలో సర్వీసు ముగిసిందని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టారు.

"దీన్నింక అడిగేవాళ్ళెవరూ ఉండరుగా. ఆయన పద్ధతి ప్రకారమైతే మళ్ళీ పైకే. ఎక్కించెయ్యనా?" అని నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"వద్దు బాబాయ్. అడిగేవాళ్ళున్నారు."

"ఎవరమ్మా?"

"నేను" అన్నాను.

కింది అరలో డ్రైవరు పెద్దాయన రిజిస్టరు కాస్త పక్కకి జరిపి, చోటు చేసి, అక్కడ పెట్టాను.