ఇంటి గుంటలో చేప

ఆదివారం పొద్దున్నే త్రిమూర్తులు గారి పెరట్లో వల పడిందంటే, మధ్యాహ్నం ఆ ఇంట్లో చేపల పులుసని వీధంతా తెలిసిపోయేది. పెరటి గోడ పక్కన ఐదు సెంట్ల గుంట. అందులో కొన్ని శీలావతి చేపలు, కొన్ని బొచ్చెలు. పనివాడు చినబాబు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి వల విసిరేవాడు. రెండు చేపలు పట్టి గట్టు మీద పడేస్తే, త్రిమూర్తులు భార్య సత్యవాణి వాటిని చూసి, "ఇవి చాలు చినబాబూ, చుట్టాలెవరూ లేరులే ఇవాళ" అనేది.

"మరి నీకూ?" అని త్రిమూర్తులు అడిగేవారు. "పెద్ద చెరువులో ఒకటి పట్టుకుపో. మంచి సైజుది చూసి పట్టుకో."

"ఆయ్, అలాగేనండి" అని చినబాబు సంతోషంగా వెళ్లిపోయేవాడు.

పదిహేనెకరాల చేపల చెరువులున్న రైతు, ఇంటి కూర కోసం పెరట్లో వేరే గుంట ఎందుకు తవ్వించుకున్నాడని పాఠకులు అడగవచ్చు. ఊళ్లో మాత్రం ఎవరూ అడగలేదు. ఆకివీడు అవతల కాలవ గట్టునున్న ఆ ఊళ్లో, చెరువులున్న చాలా ఇళ్ల పెరట్లో అలాంటి గుంట ఒకటి ఉంది. అందరికీ ఉన్నదాన్ని గురించి ఎవరు మాత్రం ఎందుకు అడుగుతారు?

త్రిమూర్తులు చెడ్డవాడు కాదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. చెడ్డవాడి కథైతే మనం చదివేసి, అలాంటివాడు మన ఇంట్లో లేడు కదా అని హాయిగా పక్కన పెట్టేస్తాం. ఈయన పనివాళ్లను నోరెత్తి ఒక మాట అనేవాడు కాదు. చినబాబు కూతురు చిట్టెమ్మకు ఏటా బడి తెరిచేనాటికి పుస్తకాలు కొనిపెట్టేవాడు. చినబాబు ఆయన దగ్గర చేరి పన్నెండేళ్లయింది. తాత తండ్రుల నుంచీ నీళ్ల మీద బతికిన కుటుంబం. చెరువు నీటి రంగు చూసి చేప ఎలా ఉందో చెప్పగలడు.

చినబాబు పని మేత వేయడం. చెరువులో వరసగా కర్రలు పాతి ఉంటాయి. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క పెద్ద తొట్టిలో పోసి, చేతులతో బాగా కలిపి సంచుల్లోకి ఎత్తాలి. సంచుల అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయి. పడవ మీద వెళ్లి వాటిని కర్రలకు కట్టి వస్తే, చేపలు వచ్చి కన్నాల దగ్గర మూతులతో పొడుచుకుని తింటాయి. మొదట్లో ఆ మేతలో ఖనిజ లవణాల పొడి కలిపేవారు. చేప గట్టిగా ఎదగడానికి అది మంచిదే. దాని వల్ల ఎవరికీ ఏ బాధా లేదు.

రెండేళ్ల కిందట ఒక ఏజెంటు ఇంకో పొడి తెచ్చాడు. ప్యాకెట్ మీద ఎగురుతున్న చేప బొమ్మ, "త్వరిత ఎదుగుదలకు" అని పెద్ద అక్షరాలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏవేవో పేర్లు. డిగ్రీ చదువుకున్న సత్యవాణి కళ్లజోడు పెట్టుకుని ఆ చిన్న అక్షరాలు చదివింది.

"ఏవండీ, మన అమ్మాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు డాక్టరు గారు రాసిన మందు పేరే ఇందులో ఉందేంటి? చేపలకేమైనా జ్వరమా?"

"జ్వరం రాకుండా ముందే వేస్తారంట. చేప చావు ఉండదు, తొందరగా బరువొస్తుంది. చుట్టుపక్కల అందరూ వేస్తున్నారు."

"మందేసిన చేప మనం ఎలా తింటామండీ?"

త్రిమూర్తులు పై నెలలో పెరట్లో గుంట తవ్వించారు. ఆ గుంటలో తవుడు తప్ప ఇంకేదీ వేయవద్దని చినబాబుకు చెప్పారు. ఎందుకో చెప్పలేదు. మొగుడూ పెళ్లాలు ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే ఏం చేయాల్సి వస్తుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి.

మొన్న భాద్రపదంలో వల లాగుతుండగా చినబాబు కుడి అరచేతిలో చేప ముల్లు దిగింది. అతను దాన్ని లెక్కచేయలేదు. గుడ్డ పీలిక కట్టుకుని మర్నాడు కూడా అదే చేత్తో మేత కలిపాడు, పొడి కలిపాడు. మూడో రోజుకి చెయ్యి వాచింది. ఊళ్లో డాక్టరు మాత్రలిచ్చాడు. ఐదో రోజుకి వాపు మోచేతి దాకా ఎక్కి, ఒళ్లు కాలిపోసాగింది. త్రిమూర్తులు కబురు వినగానే తన కారులోనే చినబాబునీ, అతని భార్య పెద్దింట్లమ్మనీ ఎక్కించుకుని భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టర్ ఆశాజ్యోతి గాయం చూసి మొహం చిట్లించింది. చీము తీసి పరీక్షకు పంపించి, త్రిమూర్తుల్ని పక్కకు పిలిచింది.

"రిపోర్టు రావడానికి మూడు రోజులు పడుతుందండి. అప్పటిదాకా చూస్తూ కూర్చుంటే చెయ్యి దక్కదు. ఇప్పుడే మందు మొదలుపెట్టాలి. మీ చెరువుల్లో యాంటీబయోటిక్స్ ఏమైనా వాడుతున్నారా? వాడుతుంటే పేరు చెప్పండి. ఆ నీళ్లలో పెరిగిన క్రిమికి ఆ మందు పని చెయ్యకపోవచ్చు. నేను వేరేది ఎంచుకుంటాను."

త్రిమూర్తులికి వెంటనే చెరువు గుర్తొచ్చింది. ఇంకో పది రోజుల్లో పట్టుబడి ఉంది, చేపలన్నీ పట్టి అమ్మాలి. లారీలు బయటి రాష్ట్రాలకు వెళ్లాలి. ఈ చెరువు చేపలో మందుందన్న మాట ఒక్కరి చెవిన పడితే చాలు, సరుకు ఎవరూ ముట్టుకోరు. పైగా ఈ డాక్టరమ్మ ఎదుట, ఇంత చదువుకున్న మనిషి ఎదుట, నోరు విప్పి ఎలా చెప్పడం?

"అబ్బే, అలాంటివేం లేవమ్మా. మినరల్ మిక్చర్ వేస్తామంతే" అన్నారు.

ఆమె ఆ మాట నమ్మింది. నమ్మకూడదని ఆమెకెలా తెలుస్తుంది? వెంటే వచ్చి నిలబడ్డ పెద్దింట్లమ్మకి అసలా ప్రశ్నే అర్థం కాలేదు. ఆ పూటే సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

రెండు రోజులు గడిచాయి. జ్వరం దిగలేదు. చినబాబు చిటికెనవేలూ దాని పక్కవేలూ నల్లబడ్డాయి. మూడో రోజు పొద్దున్న డాక్టరు గది నుంచి బయటికి వచ్చి, "ఇలాగే పాకితే మణికట్టు దాకా తీసెయ్యాల్సి రావచ్చమ్మా" అని పెద్దింట్లమ్మతో మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

పెద్దింట్లమ్మ వరండాలో బల్ల మీద కూర్చుండిపోయింది. పక్కన నిలబడ్డ త్రిమూర్తుల వైపు తిరిగింది.

"మీరు కూర్చోండి బాబుగారండీ. మూడ్రోజుల నుంచీ మాతో పాటు నిలబడే ఉన్నారు. మా ఆయన ఎప్పుడూ అంటాడండి, మా బాబుగారిలాంటి మనిషి ఎక్కడా ఉండరని. మీరేమో ఆ పెరటి గుంటలో చిన్న చేపలు తింటారు. మాకు మాత్రం పెద్ద చెరువులో మంచి మంచి చేపలు పట్టుకుపొమ్మంటారు. తనకి చిన్నది ఉంచుకుని పనోడికి పెద్దది ఇచ్చే మనిషి ఎవరుంటారండి ఈ రోజుల్లో?"

త్రిమూర్తులికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టినా, చొక్కా పట్టుకుని నిలదీసినా తట్టుకునేవాడు. ఆవిడ దండం పెడుతోంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం తన ఇంట్లోకి రానివ్వని చేపను వాళ్లింటికి పంపించాడు. వాళ్లు దాన్ని దయ అనుకుని తిన్నారు. పోనీ ఈ రెండు రోజులూ తను చేసిందేమిటి? సరుకు పోతుందేమోనని, పరువు పోతుందేమోనని, మనిషి చెయ్యి కుళ్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

మెట్ల దగ్గరికి వెళ్లి భార్యకు ఫోన్ చేశారు. "ఆ పొడి ప్యాకెట్ ఫొటో తీసి పంపించు. చిన్న అక్షరాలు కనపడాలి."

సత్యవాణి ఎందుకని అడగలేదు. నిమిషంలో ఫొటో వచ్చింది. అది ఇప్పుడు తీసింది కాదు. రెండేళ్ల కిందటిది. ఆవిడ ఇన్నాళ్లూ దాన్ని ఫోన్‌లో దాచుకునే ఉంది.

డాక్టరు ఆ ఫొటోను పెద్దది చేసి చదివింది. చదివి, ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"రెండు రోజులుగా నేను అతనికి ఎక్కిస్తున్నది ఈ మందేనండి."

త్రిమూర్తులు తల దించుకున్నారు.

ఆమె నర్సును పిలిచి మందు మార్పించింది. సాయంత్రం వచ్చిన రిపోర్టు కూడా అదే చెప్పింది. పాత మందు ఆ క్రిమిని ఏమీ చేయలేదు. కొత్తది చేస్తుంది. రెండో రోజుకి జ్వరం దిగింది. చెయ్యి దక్కింది. కాని నల్లబడ్డ రెండు వేళ్లూ తీసేయక తప్పలేదు.

"ముందే చెప్పి ఉంటే ఆ వేళ్లు ఉండేవా అమ్మా?" అని త్రిమూర్తులు అడిగారు.

"ఉండేవేమో. కచ్చితంగా చెప్పలేను" అంది ఆశాజ్యోతి. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకు కష్టంగా అనిపించింది. "చేప ఎదగాలంటే ఖనిజాలు వెయ్యండి, విటమిన్లు వెయ్యండి, మంచి మేత పెట్టండి. ఎవరూ కాదనరు. కాని మందు మేత కాదండి. జబ్బు చేసిన చేపకి, తెలిసినవాళ్లు చెప్తే, చెప్పినన్ని రోజులే వాడాలి. మీరు రోజూ గుప్పెడు గుప్పెడు చల్లుతుంటే చెరువులో క్రిములు దానికి అలవాటుపడి రాటుదేలిపోతాయి. తర్వాత అవి చేపల్నే పట్టుకుంటాయా, మనిషిని పట్టుకుంటాయా అన్నది మన చేతిలో ఉండదు. అప్పుడు నా దగ్గరికొచ్చే మనిషికి ఇవ్వడానికి నా దగ్గర మందే మిగలదు."

ఆ సాయంత్రం త్రిమూర్తులు పళ్లు కొనుక్కుని వార్డులోకి వెళ్లారు. స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పేశారు. పొడిలో ఏముందో చెప్పారు. పెరటి గుంట ఎందుకు తవ్వించారో చెప్పారు. డాక్టరుతో ఆడిన అబద్ధం కూడా చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు చినబాబు చేతి కట్టు మీదే ఉన్నాయి. పైకెత్తి వాళ్ల మొహాలు చూసే ధైర్యం రాలేదు.

చినబాబు తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు.

"తెలిసే ఇచ్చారా అండి?" అన్నాడు.

"తెలిసే ఇచ్చాను చినబాబూ."

"మా చిట్టెమ్మకి కూడా అదే పెట్టామండి. ముళ్లు తీసి, నా చేత్తోనే పెట్టేవాడిని."

పెద్దింట్లమ్మ లేచి, మంచం పక్కన పెట్టిన పళ్ల సంచి తీసుకుని త్రిమూర్తులు చేతికి తిరిగి ఇచ్చేసింది.

"తీసుకెళ్లిపోండి బాబుగారూ" అంది.

ఆయన ఆ సంచి పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడ్డారు. వచ్చేపోయే జనం ఆయన్ను తప్పుకుంటూ వెళుతున్నారు. జేబులో ఫోన్ మోగింది. పక్క చెరువు రైతు పార్థసారథి.

"త్రిమూర్తులు గారూ, చినబాబుకి తగ్గిందంటగా. మంచిమాట. ఏజెంటు వచ్చాడండి, ఆ పొడి ఇంకో రెండు పెట్టెలు దింపమంటారా మీకు? పట్టుబడి ముందర బాగా బరువొస్తుందంటున్నాడు."

"వద్దండి. పట్టుబడి ఆపేశాను. చేపలో మందు పోయిందని పరీక్ష చేసినవాళ్లు చెప్పేదాకా ఒక్క చేప కూడా బయటికి పంపను."

"అదేంటండి, అందరం వేస్తున్నదేగా. మీ ఒక్కరికే ఏమొచ్చింది?"

త్రిమూర్తులికి చుట్టూ జనం వింటున్నారని తెలుసు. వినాలనే అనిపించింది.

"అందరం వేస్తున్నాం పార్థసారథి గారూ. అందరం పెరట్లో వేరే గుంట కూడా తవ్వుకున్నాం. మనకి తెలియక చేసిన తప్పైతే ఆ గుంట ఎందుకు తవ్వుకుంటామండి? మన పిల్లల కంచంలో వెయ్యడానికి మనకి చెయ్యి రానిది, ఊళ్లో ఏ పిల్ల కంచంలోకీ పంపించే హక్కు మనకి లేదు."