ఇంకొకరు వేసిన బాణం

వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగిన ఇర్మా ఇంటికి వెళ్లకుండా తిన్నగా అడవికి వచ్చింది. ముసలివాళ్లను ఎత్తీ దించీ భుజాలు పట్టేశాయి. అయినా విల్లు తగిలించుకుని మంచె ఎక్కింది. భర్త ఆర్వో నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. చలికాలానికి ఇంట్లో మాంసం ఉండాలంటే ఆమే వేటాడాలి. ఆమెకున్నది ఒక్క వేట పర్మిట్, ఒక్క జింకకే చెల్లుతుంది. దాన్ని బాగా బలిసిన కొమ్ముల మగజింక కోసం అట్టేపెట్టుకుంది.

ఎండ పొడ వచ్చాక దేవదారుల మధ్య నుంచి ఆడజింక ఒకటి వచ్చింది. కాస్త నడిచి ఆగుతోంది, తల వాల్చేస్తోంది. పొట్టలో, బాగా వెనకగా, బాణం గుచ్చుకుని ఉంది. దాని చివర నారింజరంగు ఈకలు. అవి మరిది రేనోవి. నిన్న ఆమె డ్యూటీకి వెళ్లబోతుంటే, "గురి తప్పింది వదినా, వెంట్రుక కూడా రాలలేదు" అని నవ్వాడు.

ఆ జింక వెనకే ఆమె ఎదురుచూస్తున్న మగజింక వచ్చి, సరిగ్గా పక్కకు తిరిగి నిలబడింది. అంతకన్నా మంచి అదను దొరకదు. ఇర్మా దానివైపు చూసింది. తర్వాత విల్లును ఆడజింక మీదికి తిప్పింది.

అది ఎదురుగా నిలబడి ఉంది. ఎదురు రొమ్ములో వేస్తే ఎముకకు తగలొచ్చు, దానికి ఇంకో గాయం మిగులుతుంది. వింటినారి లాగిపట్టుకుని ఆగింది. జింక మెల్లగా పక్కకు తిరిగింది. ముందుకాలి వెనక, ఊపిరితిత్తుల్లోకి బాణం వదిలింది. జింక కొద్ది దూరం పరిగెత్తి కూలిపోయింది. మగజింక ఎప్పుడో మాయమైంది.

ఇర్మా ఫోన్ చేస్తే రేనో తాడు పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు. బాణం మీద తన ఈకలు చూశాక మొహం పాలిపోయింది.

"తగల్లేదనుకున్నా వదినా."

"అనుకున్నావా, తెలిసే వదిలేశావా?"

"కాస్త నెత్తురు కనిపించింది. చీకటి పడిపోతోంది. చాలా దూరం నుంచి వేశాను కూడా. పొద్దున్నే వెతుకుదామనుకున్నా."

"పొద్దెక్కింది కదరా. ఎక్కడున్నావు?"

రేనో తల దించుకున్నాడు. "పక్కమీద."

ఇర్మా జింక పక్కనే నేలమీద చతికిలబడింది.

"తిట్టు వదినా."

"తిట్టే ఓపిక లేదు. దాని కాళ్లు కట్టు."

"దీనికి నా పర్మిట్ పెట్టేద్దాం. నీది మిగులుతుంది."

"చంపింది నేను, నాదే పెట్టాలి. నీది ఉంచుకో. దగ్గరికి రానీ, పక్కకు తిరగనీ, అప్పుడే వెయ్యి. లేదా ఊరుకో."

కొట్టంలో కోసి చూస్తే, పేగులు చిల్లుపడి పొట్టచుట్టూ, తొడల దాకా మాంసం కంపు కొడుతోంది. ముందుకాళ్లు, వీపు మాంసం మాత్రం మిగిలాయి. ఆర్వో ఎలాగో మంచం దిగి, కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"ఇంతేనా?"

"ఇంతే," అంది ఇర్మా.

ఆర్వో ఈకలు చూశాడు, తమ్ముడి మొహం చూశాడు.

మిగతా పనంతా రేనో ఒక్కడే చేశాడు. పాడైందంతా దూరంగా తీసుకెళ్లి పూడ్చాడు. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి ఇర్మా బూట్లు కూడా విప్పకుండా బల్లమీద తల పెట్టి నిద్రపోతోంది.

"సూప్ చల్లారిపోతోంది వదినా," అన్నాడు. ఆమెకు వినిపించలేదు.