ఎర్రబండి, నీలంబండి

వదినకు ఏదైనా ముందు నచ్చేస్తుంది. కారణాలు తర్వాత తీరిగ్గా వెతుక్కుంటుంది. మెకానిక్ షెడ్డులో ఎర్రబండిని చూసినప్పుడూ అదే జరిగింది. ఒక్కసారి చుట్టూ తిరిగి, ట్యాంకు మీద చెయ్యి వేసి, "ఇదే" అనేసింది. పక్కనున్న నీలంబండిని కన్నెత్తి కూడా చూడలేదు.

వెనకాల నిలబడ్డ ఆడపడుచుకు ఆ మాటతో గుండెలో రాయి పడ్డట్టయింది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనిషి అయిదడుగులకు కాస్త తక్కువ, అందుకని చిన్నప్పటి నుంచీ ఇంటా బయటా ఆమె పేరు పొట్టే. వదిన నిలువెత్తు మనిషి. డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్ళకు కారు నేర్పుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే పొట్టికి బండి నేర్పింది, అప్పట్నుంచీ ఇద్దరిదీ ఒకటే పిచ్చి. వదినా ఆడపడుచులంటే ఉప్పూ నిప్పూ అనుకునే చుట్టాలకు వీళ్ళ సంగతి ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ ముందటేడు ఇద్దరూ వదిన పెద్దబండి మీద కొండల వెనక మూతపడిన గనుల దారి పట్టారు. మొదటి ఇసుకమేటలోనే బండి పడుకుంది. ఇద్దరూ కలిసి ఎంత లేపినా మొండి గేదెలా కదల్లేదు. ఎవరో గొర్రెలు మేపుకునేవాళ్ళు వచ్చి లేపితే, తలవంచుకుని వెనక్కి వచ్చారు. ఆ రోజే అనుకున్నారు, ఈసారి చెరొక తేలికబండి, పడ్డా మనమే లేపుకోగలిగేది అని.

మెకానిక్ దగ్గరున్న రెండూ అలాంటివే. ఎడారి పందేల్లో పరిగెత్తే బళ్ళ తీరులో ముందు నిలువుగా అద్దం, ఎత్తుగా మడ్‌గార్డు, గుంతల్ని మింగే పొడవాటి సస్పెన్షన్. కానీ రెంటికీ చాలా తేడా ఉంది. ఎర్రది మరీ తేలిక, మరీ ఎత్తు. సీటు బల్లచెక్కలా ఉంటుంది. నీలంది కాస్త బరువు, కానీ సీటు కిందికి, మెత్తగా ఉంటుంది, ట్యాంకు పెద్దది. వదిన పొడుగుకు ఎర్రది, పొట్టి పొట్టితనానికి నీలంది. చూసినవాళ్ళెవరైనా అలాగే పంచుతారు.

పొట్టి బాధ వేరే. నెల క్రితం వదిన నడుముకు ఎక్స్‌రే తీసింది ఆమే. కొత్తవాళ్ళు తొక్కే అడ్డదిడ్డం బ్రేకులకు రోజంతా పక్కసీట్లో కుదుపులు తినీ తినీ, కింది వెన్నుపూసల మధ్య సందు తగ్గిపోయింది. బండి మానక్కర్లేదు గానీ కుదుపులు తగ్గించుకోమన్నాడు డాక్టరు. "ఈ మాట నీ కడుపులో పెట్టుకో, మీ అన్నయ్యకు తెలిస్తే నన్ను సోఫాలోంచి లేవనివ్వడు" అంది వదిన. పొట్టి కడుపులోనే పెట్టుకుంది.

మరుసటి ఆదివారం మెకానిక్ రెండు బళ్ళనూ పాత రాళ్ళక్వారీకి తెచ్చాడు. వదిన ఎర్రబండి మీద గుంతలన్నీ దూకించి నవ్వుతూ వచ్చింది. దిగాక మాత్రం హ్యాండిల్ వెంటనే వదల్లేదు. ఒక చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళబోయి జేబులోకి తిరిగింది. మెకానిక్ గమనించలేదు, పొట్టి గమనించింది. నీలంబండి తోలి వచ్చి, ఇది బండి కాదు పరుపు అని వదిన తీసిపారేసింది.

తర్వాత పొట్టి వంతు. ఎర్రబండి ఎక్కడానికే ఆమె ఒక బండరాయిని మెట్టు చేసుకోవాల్సి వచ్చింది. కదిలాక మాత్రం ఎత్తు సంగతే గుర్తు రాలేదు. క్వారీ వాలు మీదికి బండి తనంతట తనే దారి వెతుక్కుంటున్నట్టు పోయింది. పైన ఆపబోయింది. కాలు చాపితే కింద గాలే తగిలింది. బండీ ఆమే పక్కకు ఒరిగిపోయారు. మెకానిక్ తాపీగా నడిచి వచ్చి, రెండు కాళ్ళూ ఆనాలన్న ఆశ వదులుకోమన్నాడు. ఆపే ముందు ఒక పక్కకు జరిగి, ఒక్క కాలు దించితే చాలని చూపించాడు. రెండోసారి కూడా పడింది. లేచి ఒళ్ళు దులుపుకుంటూ, "ఎర్రది నాకు" అంది.

వదిన నవ్వింది. "నిచ్చెన కూడా కొనుక్కుందామా?"

పొట్టి నవ్వలేదు. నవ్వకపోయేసరికి అది గొడవైంది. నాకు నచ్చిందాని మీదే నీ కన్నెందుకు పడింది అంది వదిన. నచ్చింది, అంతే అంది పొట్టి. ఇంటికి వచ్చాక ఒకరు కింద వాటాలో, ఒకరు పై వాటాలో తలుపులు వేసుకున్నారు. అన్నయ్యకు రెండు చక్రాల మీద ఏనాడూ నమ్మకం లేదు. బళ్ళ పేరుతో ఇంట్లో నిశ్శబ్దం రావడం అతనికి మొదట సుఖంగానే ఉంది గానీ, కూరలో ఉప్పు పడకపోవడం మొదలయ్యాక రాయబారం నడపడానికి మెట్లెక్కి దిగాడు. ఇద్దరూ అతనికి ఏమీ చెప్పలేదు.

ఆ వారం మధ్యలో వదిన ఆసుపత్రికి వచ్చింది. ఎక్స్‌రే గది బయట బల్ల మీద, రోగులంతా వెళ్ళేదాకా కూర్చుంది. పొట్టి చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది.

"నా నడుం కోసమే కదూ?"

పొట్టి తడిచేతుల్ని ఇంకోసారి తుడుచుకుంది.

"కార్లో నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది, తెలుసుగా. ఎదుటివాళ్ళ చేతకానితనానికి నేను తొక్కే బ్రేకు. ఇన్నేళ్ళకు నా బ్రేకు నువ్వు తొక్కుతున్నావన్నమాట."

"అడిగితే నువ్వు వినవు వదినా."

"అడిగి చూశావా?"

అడగలేదు. పొట్టికి తల తీసేసినట్టయింది. తను మంచే చేశాననుకుంది. వదిన కళ్ళలో చూస్తే అది మంచిలా కనిపించలేదు. నిజం చెప్పింది. "సగం నీ నడుం కోసమే. మిగతా సగం మాత్రం అబద్ధం కాదు. ఆ వాలు ఎక్కుతుంటే నాకు పొట్టిదాన్నన్న సంగతే గుర్తు రాలేదు."

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. నేర్చుకునేవాళ్ళు నిజంగా అద్దం చూశారా, చూసినట్టు నటించారా అని కనిపెట్టే చూపు అది. చివరికి లేచి నిలబడింది. "అయితే ఆపడం నేర్చుకో. ఆపడం రానివాళ్ళను నేను రోడ్డెక్కనివ్వను."

ఆ సాయంత్రమే అన్నయ్యకు నడుము సంగతి వదినే చెప్పింది. అతను సోఫా ఊసెత్తలేదు. ఏ బండి కొంటున్నావని మాత్రం అడిగాడు. నీలంది అంటే, మర్నాడు ఆఫీసుకు పోతూ మెకానిక్ షెడ్డులో ఆగి, ఆ సీటు మీద ఒంటరిగా కూర్చుని, కాస్త ఎగిరి చూసి మరీ వెళ్ళాడట. ఆ ముచ్చట మెకానిక్ అందరికీ చెప్పాడు.

డ్రైవింగ్ స్కూలు ఆవరణలో పొద్దున్నే పొట్టికి పాఠాలు. బయలుదేరు, ఆపు, మళ్ళీ బయలుదేరు. కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని, ఆమె పడిన ప్రతిసారీ తమ ధైర్యం కాస్త పెంచుకునేవారు. మోకాళ్ళు కమిలాయి. మెల్లగా చూపు మారింది. ఆగాల్సిన చోటుకు ముందే ఎత్తయిన రాయో గట్టో వెతికి, అక్కడ ఎడమకాలు దించడం అలవాటైంది.

చలి తగ్గాక గనుల దారి పట్టారు. పాత ఇసుకమేటలో ఈసారి పొట్టి పడింది, ఒక్కతే లేపుకుంది. గతుకుల దారిలో వదిన ఫుట్‌రెస్టుల మీద నిలబడే తోలింది. మధ్యాహ్నానికి ఆమె మొహం బిగుసుకుపోయింది. పొట్టి ఈసారి అడిగింది, ఆగుదామా అని. ఇంకో మలుపు అంది వదిన. మలుపు దాటాక మాట ప్రకారం ఆగింది. రేకుల షెడ్డు నీడలో వెల్లకిలా పడుకుని, ఆ రోజుకి ఇక్కడే అని తనే తేల్చింది.

మర్నాడు ఉదయం చివరి ఎక్కుడు వచ్చింది. నిట్టనిలువు వాలు, కాలు పెడితే జారే గుండ్రాళ్ళు. ఎర్రబండి తోక ఊపుకుంటూ ఎక్కేసింది. పొట్టి పైన బండి నిలిపి కిందికి చూసింది. నీలంబండి సగం దాకా వచ్చి, వెనక చక్రం రాళ్ళు చిమ్ముతూ ఆగిపోయింది. వదిన జాగ్రత్తగా దాన్ని వెనక్కి జార్చుకుని మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ఇంజను ఆపేసింది.

పొట్టి వాలు దిగి వచ్చింది. ఏం అన్నా తప్పే అవుతుందని చేతులు కట్టుకుని నిలబడింది. వదిన హెల్మెట్ తీసి, పైకి చూసి, తన నడుము మీద తనే ఒకసారి చెయ్యి వేసుకుంది. తర్వాత పక్కకు దిగి, హ్యాండిల్ పట్టుకోమని పొట్టికి సైగ చేసింది.

"దీన్నీ నువ్వే ఎక్కించు. నేను నడిచి వస్తా."

నీలంబండి బరువు పొట్టికి భుజాల్లో తెలిసింది. వదిన ఆగిన చోట చక్రం ఒక్క క్షణం తడబడింది. పొట్టి ముందుకు వంగి, యాక్సిలరేటర్ వదలకుండా పట్టుకుంది. బండి మూలుగుతూ పైకి చేరింది.

వదిన చాలాసేపటికి, ఆగి ఆగి ఎక్కి వచ్చింది. అవతల గనుల పీఠభూమి అంతా చదునుగా, ఎర్రగా పరుచుకుని ఉంది. ఆమె నీళ్ళు తాగి, సీసా పొట్టికి అందించింది.

"మొదటి గేర్లో ఎక్కించావు. రెండో గేర్లో అయితే రాళ్ళు అన్ని చిమ్మేవి కావు."

"దిగేటప్పుడు చూపిద్దువుగాని."

"చూపిస్తా" అంది వదిన, హెల్మెట్ పెట్టుకుంటూ.