పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూల్లో పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న మాస్టారికి సొంత కుడికాలు మాట వినదు. నేర్పే కారులో పక్క సీటు కింద ఆయన కోసం ఇంకో బ్రేకు ఉంటుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడు తడబడితే చాలు, ఆయన కాలు దాన్ని తొక్కేస్తుంది. కారు దిగినా ఆ అలవాటు మాత్రం దిగలేదు. బస్సులో కూర్చున్నా, లిఫ్టులో నిలబడ్డా, సోఫాలో వాలి టీవీలో కార్ల పందెం చూస్తున్నా ఆ కాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. సోఫా ముందు తివాచీ అక్కడొక్కచోటే అరిగిపోయింది.

"తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. నీ అల్లుడికి దేవుడు రెండూ ఇచ్చాడమ్మా" అంటుంటుంది ఆయన భార్య తన తల్లితో.

రెండు వేలమందిని రోడ్డెక్కించిన ఈ మహానుభావుడి కూతురు పదిహేను నెలలు నిండినా నడవలేదు. పేరుకేమో పిడుగు. డాక్టరు చూసి, కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి, దానికి బుద్ధి పుట్టినప్పుడు నడుస్తుందని చెప్పి పంపేశాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది మాస్టారి పని.

అసలు బాధ అది కాదు. పిల్ల మొదటిసారి బోర్లా పడ్డప్పుడు ఆయన ఎవరికో రివర్స్ నేర్పుతున్నారు. మొదటి పన్ను కనబడ్డ రోజు ఒక శిష్యురాలు డివైడర్ ఎక్కించేసింది, సాయంత్రం దాకా ఆ గొడవ. మొదటి మాట ఫోనులో వీడియోగా వచ్చింది, ఎర్ర లైటు దగ్గర ఆగి చూసుకున్నారు, పచ్చ లైటు పడగానే వెనకవాళ్ళ హారన్లలో అది కూడా సగమే వినపడింది. మొదటి అడుగైనా కళ్ళారా చూడాలని ఆయన పంతం పట్టారు. ఆరేళ్ళలో తొలిసారి వారం సెలవు పెట్టారు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే భార్య చేతా పెట్టించారు. మోకాళ్ళ నొప్పులని గొణిగిన అత్తగారిని కూడా వదల్లేదు. రోజుకో కొత్త చోటు చూపిస్తే కాళ్ళు వాటంతటవే లేస్తాయని ఆయన సిద్ధాంతం.

సోమవారం పార్కు. మాస్టారు గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచి, "రా తల్లీ, క్లచ్ నెమ్మదిగా వదులు, ఇంకా నెమ్మదిగా" అన్నారు. పిడుగు ఆయన్ని ఎగాదిగా చూసి, చతికిలబడి, దోగాడుతూ ఆయన్ని దాటిపోయి, వెనక ఎవరో తెరిచి పెట్టుకున్న తిండి డబ్బాలో చెయ్యి పెట్టింది. దోగాడితే పని జరిగిపోతుంటే నడవడమెందుకని దాని వాదన, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నిలబెడితే నిలబడేది. కాస్త ఊగగానే మాస్టారి చెయ్యి వెళ్ళి రెక్క పట్టుకునేది. చెయ్యి దొరకగానే పిల్ల తన బరువంతా ఆయన మీద వేసి వేలాడేది.

మంగళవారం చేపల ప్రదర్శనశాలకి వెళ్ళారు. అద్దాల గోడల వెనక రకరకాల చేపలు తిరుగుతుంటే పిడుగు వాటి మొహం కూడా చూడలేదు. నేల తుడిచే బకెట్టుకి చక్రాలున్నాయి, దాన్నే చూసింది. మాస్టారు టికెట్లకి వెళ్ళి వచ్చేసరికి పిల్ల వాళ్ళమ్మ చంకలో ఉంది. నీళ్ళ సీసా పట్టుకొచ్చేసరికి అత్తగారి చంకలో ఉంది. అక్కడి ఏటవాలు దారిలో, ఆ మోకాళ్ళతో, పదకొండు కిలోల పిల్లని మోస్తూ ఆవిడ రొప్పుతోంది.

బుధవారం చెప్పుల దుకాణం. అడుగేస్తే కుయ్‌కుయ్‌మనే బూట్లు కొన్నారు, ఆ కూతకైనా నడుస్తుందని ఆశ. వాటిని తొడిగించి, ఖాళీ పెట్టె తెచ్చుకుందామని అలా వెళ్ళి వచ్చేసరికి అత్తగారు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ సీటు బెల్టులా బిగించింది.

"అత్తయ్యా, ఆ పిల్లకి కాళ్ళున్న సంగతి మీకు గుర్తుందా?"

"గుర్తు లేకేం అల్లుడుగారూ, రోజూ నా పొట్టలో తంతూనే ఉంది."

"మరి దింపండి."

"మీరొచ్చేశారుగా, ఇక దింపుతాను" అని ఆవిడ దింపింది. పిడుగు కింద కూర్చుని ఒక బూటు విప్పి నోట్లో పెట్టుకుంది.

గురువారం వాన, ఎక్కడికీ వెళ్ళలేదు. మాస్టారు స్నానం చేసి వచ్చేలోగా రెండు చెంచాలు, ఒక చెప్పు, టీవీ రిమోటు వాషింగ్ మెషిన్లోకి చేరాయి. ఎలా చేరాయని అడిగితే భార్యా అత్తగారూ ఇద్దరూ కిటికీలోంచి వానని చూశారు.

శుక్రవారం భార్య పెదనాన్న కూతురింటికి వెళ్ళారు. అక్కడ పదకొండు నెలల బుడతడొకడు తాగుబోతులా తూలుతూ ఇల్లంతా తిరుగుతున్నాడు. "మావాడు పది నెలలకే" అని ఆ ఇల్లాలు నాలుగుసార్లు చెప్పింది. అంతసేపూ పిడుగు అమ్మ చంకలోంచి అమ్మమ్మ చంకలోకి, అమ్మమ్మ చంకలోంచి అమ్మ చంకలోకి మారింది. తిరుగుదారిలో మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"ఎత్తుకుని ఎత్తుకుని దాని కాళ్ళకి తుప్పు పట్టించారు మీరిద్దరూ. నేల మీద పెట్టకుండా నడవమంటే ఎలా నడుస్తుంది? గాల్లోనా?"

భార్య పిల్ల బూటు సరిచేసింది. అత్తగారు మోకాలు నిమురుకుంటూ కూర్చుంది.

శనివారం పొద్దున్నకి ఆ మోకాలు వాచింది. భార్య తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే స్కూలు యజమాని ఫోన్ చేశాడు. ఒక పళ్ళ డాక్టరుకి సోమవారం డ్రైవింగ్ టెస్టు ఉందట, ఒక్క గంట మైదానానికి వచ్చి చూసిపొమ్మని ప్రాణం తీశాడు. పిల్లని వెంటబెట్టుకుని వెళ్తానన్నారు మాస్టారు.

"దాని మీంచి కళ్ళు తియ్యకండి" అంది భార్య మూడోసారి.

"రెండు వేలమందిని చూసుకున్నవాణ్ణి."

"వాళ్ళు బెల్టు పెట్టుకుని కూర్చుంటారు."

మైదానం అంచున గోడవారగా పాత టైరొకటి పడుంది. పిడుగుని అందులో కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్టిచ్చి, మాస్టారు పక్కనే నిలబడ్డారు. అవతలి చివర పళ్ళ డాక్టరు చెమటలు కక్కుతూ రివర్స్ చేస్తున్నాడు. వెనక చక్రం గీత దాటుతుందా లేదా అని మాస్టారు ఒక్క క్షణం అటు చూశారు. తల తిప్పేసరికి టైరు ఖాళీ.

చెయ్యెత్తి కారు ఆపించారు. తర్వాత చూశారు. గోడవెంట వరసగా పెట్టిన నారింజరంగు ప్లాస్టిక్ కోన్ల మధ్య పిడుగు నడుస్తోంది. ఒక చేతిలో బిస్కెట్టు, కాళ్ళ కింద కుయ్‌కుయ్. ఒక కోను దాకా వెళ్ళింది, దాన్ని చుట్టి తిరిగింది, ఆగింది, కింద పడ్డ బిస్కెట్టు ముక్క కోసం వంగింది, ఏమీ పట్టుకోకుండా లేచింది, మళ్ళీ నడిచింది.

మాస్టారు కేక వెయ్యబోయి ఆగారు. ఈ వృత్తిలో ఆయనకి ఒక విద్య పట్టుబడింది. నెలకొకడైనా "నాకు అసలేమీ రాదు సార్" అంటూ వస్తాడు. క్లచ్ మీద వాడి పాదం వాలే తీరు చూడగానే, ఎవరి బండో దొంగచాటుగా తోలి వచ్చాడని తెలిసిపోతుంది. కొత్తవాడికి ముందుకు పోవడమే గగనం. మలుపు తిప్పి, ఆపి, మళ్ళీ కదిలించాడంటే వాడు చాలా రోజులుగా తోలుతున్నట్టే.

ఆయన వెళ్ళి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. అలాంటి వాళ్ళందరినీ అడిగే ప్రశ్నే అడిగారు.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

పిడుగు నమిలిన బిస్కెట్టు ఆయన నోట్లో పెట్టబోయింది.

మొదటి అడుగు అయిపోయింది. ఎప్పుడో, ఎక్కడో, ఆయన లేకుండానే. పళ్ళ డాక్టరు చూస్తున్నాడని కూడా లేకుండా మాస్టారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇంట్లో ఇద్దరూ కూడబలుక్కుని తనని వెర్రివాణ్ణి చేశారని కోపం కూడా ముంచుకొచ్చింది. ఆ కోపం మీదే పిల్లని ఎత్తుకున్నారు. పది నిమిషాలు మోసేసరికి భుజం లాగేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఏటవాలు దారి. "మీరొచ్చేశారుగా, ఇక దింపుతాను" అన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. తాను చూడని చోట పిల్ల నడిచేస్తుందేమోనని, నడిస్తే అది తన కళ్ళముందే నడవాలని, వాచిన మోకాళ్ళ ముసలావిడ ఐదు రోజులు పదకొండు కిలోలు మోసింది. బదులుగా తాను తుప్పని, గాలని కూశాడు. మాస్టారికి సిగ్గేసింది.

ఆయన ఇంటికెళ్ళి ఏమీ చెప్పలేదు. చెబితే వాళ్ళు మోసిందంతా దండగైపోతుంది.

ఆదివారం పొద్దున్నే భార్య హాల్లోని బల్ల పక్కకి జరిపించింది. గాలి ఆడుతుందని వీధి తలుపు బార్లా తీసింది. మాస్టారిని సోఫాలో కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చి, పిల్లకి బూట్లు తొడిగి ఎదురుగోడ దగ్గర నిలబెట్టింది.

"ఎందుకో ఇవాళ నడుస్తుందనిపిస్తోందండీ."

"నాకూ అలాగే అనిపిస్తోంది" అంది అత్తగారు, కట్టుకట్టిన మోకాలు కుర్చీ మీద చాపుకుని.

"చూద్దాం, చూద్దాం" అన్నారు మాస్టారు. నాటకంలో ఆయనదే అందరికన్నా నాసిరకం నటన.

పిడుగు ముగ్గురినీ వరసగా చూసింది. కూర్చుంది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ కూర్చుంది. తాళంచెవులు ఆడించారు, బిస్కెట్టు చూపించారు, అత్తగారు పిల్లిలా అరిచింది. పిడుగు బూటు విప్పే పనిలో పడింది. అరగంటకి భార్య సహనం తెగింది.

"మొన్న పొద్దున్న ఫ్రిజ్ దాకా పరిగెత్తావు కదే, ఇప్పుడేం రోగమొచ్చింది నీకు?"

అనేసి నోరు మూసుకుంది.

"పరవాలేదు" అన్నారు మాస్టారు. "నిన్న మైదానంలో చూశాను. మలుపు కూడా తిప్పింది."

భార్య సోఫా అంచున కూలబడింది. "మీ సెలవుకి ముందు శనివారమే నడిచిందండీ. మీరు సోమవారం నుంచి సెలవు పెట్టారు. రెండు రోజుల్లో మీ ముందు మళ్ళీ నడవదా, అదే మొదటిదనుకుంటారులే అనుకున్నాను. ఇదేమో మీరు చెయ్యి అందిస్తే వేలాడుతుంది, అందించకుండా మీరుండలేరు. మీరు లేకుండా మొదటిది చూసేశానని ఎంత బాధపడ్డానో."

అత్తగారు మోకాలి కట్టు సర్దుకుంది. అది సర్దాల్సిన అవసరమేమీ లేదు.

"అది మొదటిది కాదులే" అంది మెల్లిగా.

"అమ్మా."

"దానికి వారం ముందే, వంటింట్లో. డబ్బా మూత కోసం. నువ్వే మొదట చూశాననుకుంటావని నేను చెప్పలేదు."

"ఆ శనివారం నాతోపాటు చప్పట్లు కొట్టావు. ఏడ్చావు కూడా."

"రెండోసారి కూడా బాగానే నడిచింది మరి."

భార్య ఏడవబోయి నవ్వింది, నవ్వబోయి ఏడ్చింది. మాస్టారు ఆమె భుజం మీద చెయ్యి వేశారు. నిన్న తనకి కలిగిందేమిటో ఇప్పుడు ఆమెకీ కలిగింది. "ఇన్నాళ్ళూ లైసెన్సు లేకుండా తిప్పారన్నమాట దాన్ని" అన్నారు. డబ్బా మూత ఏ రంగుదని భార్య అడిగింది. ఎన్నడుగులని మాస్టారు అడిగారు. మూడని అత్తగారు, అబ్బే మూడు ఎలా సరిపోతాయి, గట్టు అంత దూరం ఉంటే అని భార్య, ముగ్గురూ వాదనలో పడ్డారు.

కుయ్‌మంది. మళ్ళీ కుయ్‌మంది. హాల్లో కాదు, బయట.

ఎదురుగోడ దగ్గర ఎవరూ లేరు. బార్లా తీసిన తలుపులోంచి, వరండాలో లిఫ్టు వైపు ఒంటి బూటుతో కుంటుకుంటూ పోతున్న చిన్న వీపు కనబడింది. అది ఎప్పుడు లేచిందో ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. మాస్టారి కుడికాలు తివాచీ అరిగిన చోట బలంగా తొక్కింది. వీపు ఆగలేదు.

ఆయన మూడంగల్లో వరండాలోకి వచ్చారు. పిడుగు ఎడమకి ఊగింది. ఆయన చెయ్యి సగం దాకా వెళ్ళింది.

"పట్టుకోండి, పడిపోతుంది" అంది వెనకనుంచి భార్య.

"వద్దు అల్లుడుగారూ, దానికి వచ్చు" అంది అత్తగారు కుర్చీలోంచి.

మాస్టారు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నారు. కుడిచెయ్యి ఊరుకోలేదు, ఎడమచేత్తో దాని మణికట్టు గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. అలాగే పిల్లకి రెండడుగుల వెనక, లిఫ్టు దాకా నడిచారు.